మూడు వైఫల్యాలు తక్కువ

పద్దెనిమిదేళ్ళపాటు పెళ్ళిళ్ళకీ పేరంటాలకీ జంతికలు వత్తి వత్తి గుబ్బల సూర్యావతి కుడి మణికట్టు అరిగిపోయింది. చెంబు పట్టుకుంటే చెంబు జారేది. జడ అల్లుకుంటే వేళ్ళు వణికేవి. తణుకులో డాక్టరు గారు పట్టీ చుట్టి, "ఇంక ఈ చెయ్యి వాడకండమ్మా" అన్నారు. చెయ్యి వాడకుండా జంతికలు ఎలా వత్తుతారో మాత్రం ఆయన చీటీ మీద రాయలేదు.

ఆ సంగతి సూర్యావతే ఆలోచించుకుంది. చెయ్యి పోతే పోయింది, కాళ్ళు రెండూ దిట్టంగానే ఉన్నాయి గదా అనుకుంది. అటక మీద తుప్పు పడుతున్న పాత కుట్టుమిషను చట్రాన్ని దింపించి మొగుడి ముందు పెట్టింది. ఆమె మొగుడు సత్తిరాజు లేతు పనివాడు. ఇంటిముందు రేకుల షెడ్డులో నీళ్ళ మోటార్లకి షాఫ్టులు తిప్పుతూ ఉంటాడు. నోటితో అయ్యే పనులు ఆయన పెద్దగా పెట్టుకోడు.

"దీన్ని తొక్కితే గొట్టంలో పిండి కిందికి దిగాలయ్యా. రెండు చేతులూ నాకు ఖాళీగా ఉండాలి."

సత్తిరాజు చట్రం చుట్టూ రెండుసార్లు తిరిగాడు. "దిగుద్ది," అన్నాడు.

సత్తిరాజు ఏ ముక్కనైనా మూడుసార్లు కొలుస్తాడు, ఒక్కసారే కోస్తాడు. పదకొండో రోజున మిషను నిలబడింది. సూర్యావతి గొట్టంలో పిండి కూరి, మూకుడు పక్కన ముక్కాలి పీట వేసుక్కూర్చుని, కాలితో తొక్కింది. పిండి చిల్లుల బిళ్ళలోంచి సన్నగా, తెగకుండా దిగింది. చుట్ట చుట్టుకుంటూ నూనెలో పడింది. మొదటిసారే!

ఆ మొదటిసారే తన కొంప ముంచుతుందని ఆమెకి అప్పుడు తెలియదు.

ఆ వేసవిలో ఒక పెళ్ళివంటకి ఆ మిషను పట్టుకెళ్ళింది. ఆ పెళ్ళికి మారిషస్ నుంచి సీతమ్మ అప్పాడూ అనే ఆవిడ వచ్చింది. ఆమె ముత్తాతల కాలంలో చెరుకు తోటల పనికి ఓడెక్కిన కుటుంబం వాళ్ళది. ఇప్పుడు అక్కడ పిండివంటల దుకాణాలు మూడు నడుపుతోంది. పెళ్ళి చూడటం మానేసి, పొయ్యి దగ్గర గంటసేపు నిలబడి, ఈ కాలి మిషనునే చూసింది. ఆవిడ తెలుగు కూడా ముత్తాతలు ఓడెక్కించుకుపోయిన తెలుగే. పొదుపుగా వాడుతుంది.

"ఈ యంత్రం నాకు మంచిది. మా ఊళ్ళలో ఆడవాళ్ళకి చెయ్యి నొప్పి. రెండు వందలు పంపు. దీపావళి ముందు."

రెండు నెలలు సూర్యావతి ఇల్లు ఇల్లులా లేదు. వంటలకి ఆమెతో వచ్చే నలుగురు ఆడవాళ్ళూ మూకుళ్ళు వదిలి ఆకురాళ్ళు, రంగు బ్రష్షులు పట్టారు. తయారైన మిషన్లు ముందుగదిలో, వంటింట్లో, మంచం కింద, చివరికి దేవుడి గూటి ముందు కూడా బారులు తీరాయి. రెండువందలోది పూర్తయిన రోజున సత్తిరాజు పడుకోవడానికి చోటు లేక షెడ్డులోకి వెళ్ళిపోయాడు.

ఇక ఓడెక్కించడమే మిగిలింది. దానికి ఒక కాగితం కావాలన్నారు. 'సూక్ష్మ సంస్థల విదేశీ విస్తరణ మండలి' వారు ఇచ్చే అర్హతాపత్రం.

జిల్లా కేంద్రంలో ఉన్న మండలి కార్యాలయంలో సహాయ సంచాలకులు పరబ్రహ్మం గారు ఆమె దరఖాస్తుని ఎంతో ఆదరంగా చదివారు. ఒక్కొక్క గడికీ తల ఊపుకుంటూ వచ్చి, పద్నాలుగో గడి దగ్గర ఆగిపోయారు.

"అమ్మా, ఇది ఖాళీగా ఉన్నది."

"అందులో ఏం రాయాలో తెలీలేదండి."

"వైఫల్యాలు."

"అలాంటియ్యేమీ లేవండి. మొదటిసారి తొక్కగానే దిగిందండి."

పరబ్రహ్మం గారు కలానికి మూత పెట్టేశారు. కళ్ళజోడు తీసి, రోగం ముదిరాక వచ్చిన మనిషిని వైద్యుడు చూసినట్టు జాలిగా చూశారు.

"మండలి వారి వైఫల్యాధారిత అభ్యసన విధానము ప్రకారము, విదేశీ విపణిలో ప్రవేశింపగోరు ప్రతి సూక్ష్మ సంస్థయు కనీసము మూడు ధ్రువీకృత వైఫల్యములు కలిగి ఉండవలెను. వైఫల్యము లేనిదే అభ్యసనము లేదు. అభ్యసనము లేనిదే నవకల్పన లేదు. కాబట్టి మీ సంస్థలో నవకల్పన ఇంతవరకు జరగలేదు."

"మరి ఆ మిషనేంటండి?"

"అది యాదృచ్ఛికము."

సంగతేమిటంటే, మండలి అధ్యక్షుల వారు ఆ మధ్య ఏదో దేశంలో పదిరోజుల సదస్సుకి వెళ్ళొచ్చారు. లోకంలో గొప్ప వ్యాపారాలన్నీ ఓటమి మెట్ల మీదుగానే పైకెక్కాయని అక్కడ ఎవరో ఉపన్యాసం చెప్పారు. అధ్యక్షుల వారికి కళ్ళు చెమర్చాయట. విమానం దిగగానే, తమ పరిధిలో ఎవరూ మెట్లు దాటేసి పైకి పోకుండా ఉత్తర్వులు జారీ చేశారు.

సూర్యావతి కొంగు బిగించింది. మూడే గదా కావాలి అనుకుంది.

"మావారు పదో తరగతి రెండుసార్లు తప్పారండి."

"విద్యా సంబంధ వైఫల్యములు. అది వేరే శాఖ."

"నేను కాపరానికొచ్చిన కొత్తలో వండిన బూరెలు నూనెలో పేలిపోయాయండి. మా అత్తగారి చెయ్యి కాలింది."

"గృహ సంబంధము. పైగా ఆ సమయమున అధికారి ఎవరూ సాక్షిగా లేరు." పరబ్రహ్మం గారు గొంతు తగ్గించి ధైర్యం చెప్పారు. "నిరాశ పడకండి. ఒక కొత్త వస్తువు తయారు చేయండి. మండలి పతాకము కింద సంతలో పదిహేను దినములు ప్రదర్శించండి. ఒక్కరూ కొనరాదు. అప్పుడు నేను వచ్చి వైఫల్యమును ధ్రువీకరించెదను. ఒక్కటి అమ్ముడుపోయినా ఆ ప్రయత్నము రద్దగును. ఎవరికైనా సాధ్యమే తల్లీ! జిల్లాలో అందరూ చేయుచున్నారు."

నిజమే, అందరూ చేస్తున్నారు. సూర్యావతికి తిరుగు బస్సులోనే తెలిసింది. సింగపూరుకి బిస్కట్లు పంపాలనుకున్న బేకరీ ఆయన రోజూ ఒక పొయ్యెడు మాడబెట్టి ఫొటోలు తీయిస్తున్నాడు. ఆవకాయ పట్టే అక్కాచెల్లెళ్ళు ఉప్పు మానేసి, బూజు ఎప్పుడు పడుతుందా అని జాడీల ముందు కాపలా కూర్చున్నారు. ఒక చెప్పుల తయారీదారుడు రెండు కాళ్ళకీ ఎడమ చెప్పులే కుట్టి, దిగ్విజయంగా మూడు పత్రాలు సంపాదించాడు. అతనికి దండ వేసి ఊరేగించారు కూడా.

ఇంటికొచ్చి మొగుడితో చెప్పింది. "పనికిరాని మిషనొకటి చెయ్యాలయ్యా."

సత్తిరాజుకి అర్థం కాలేదు. "పనికిరానిది ఎందుకు చెయ్యడం?"

"పనికొచ్చేది పంపడానికి."

మొదటిసారి ఇద్దరూ కలిసి ఆలోచించి, తొక్కుడు బిగుసుకుపోయేలా గట్టి స్ప్రింగు వేశారు. ఎంత తొక్కినా చెమట పట్టడమే గానీ పిండి దిగదు. సంతలో నిలబెట్టారు. పదమూడు రోజులు ఎవరూ దాని మొహం చూడలేదు. సూర్యావతి సంబరపడింది. పద్నాలుగో రోజున పక్షవాతం వచ్చినవాళ్ళకి కసరత్తులు చేయించే యువ వైద్యుడొకడు కూరగాయల కోసం వచ్చాడు. ఆగి, తొక్కి చూశాడు. మళ్ళీ తొక్కి చూశాడు.

"ఏవండీ, పడిపోయిన కాలికి బలం రావడానికి ఇలాంటిదాని కోసమే నేను తిరుగుతున్నాను. ఇంత నిదానంగా, ఇంత బరువుగా! ఆరు ఇస్తారా?"

"ఇవ్వనండి బాబూ, మీకు దణ్ణం పెడతాను. ఎల్లుండి రండి!" అంది సూర్యావతి.

అతను ఎల్లుండి దాకా ఆగలేదు. కాలు పడిపోయిన ముసలాయనొకడు ఆ సంతలోనే ఉంటే, కూర్చోబెట్టి తొక్కించాడు. నెల రోజులుగా కదలని బొటనవేలు కాస్త కదిలింది. ముసలాయన భార్య సూర్యావతి చేతులు పట్టుకుని ఏడ్చింది. ఇవ్వకపోతే ఎలా? ఇచ్చేసింది.

పరబ్రహ్మం గారు వచ్చి, విచారంగా ఆకుపచ్చ సిరాతో నివేదిక రాసి, ముద్ర వేసి, ఒక ప్రతి ఆమె చేతికిచ్చి వెళ్ళారు.

రెండోసారి సూర్యావతి జాగ్రత్త పడింది. బిళ్ళకి చిల్లులే లేకుండా చేయించింది. చిల్లుల్లేని జంతికల గొట్టం! దాన్ని చూసి సంతలో జనం నవ్వుకుంటూ పోయారు. ఆ నవ్వులు విని ఆమెకి ప్రాణం లేచొచ్చింది. ఏడో రోజున గోశాల నడిపే స్వామీజీ ఒకాయన నవ్వకుండా చూశాడు. శిష్యుణ్ణి పంపి తట్టెడు పేడ తెప్పించాడు. గొట్టంలో కూరి, తొక్కించి, బిళ్ళ ఊడదీస్తే గుండ్రంగా, నున్నగా, అచ్చు పోసినట్టు పిడక బయటికొచ్చింది.

"హోమాలకి ఎంత ముచ్చటగా ఉందమ్మా! చేత్తో చరిచే ఆడవాళ్ళు దొరక్క చచ్చిపోతున్నాం," అని పాతిక పురమాయించాడు.

ఇంకో నివేదిక. ఇంకో ఆకుపచ్చ సంతకం. అప్పటికి శ్రావణం దాటిపోయింది. సీతమ్మ అప్పాడూ దగ్గర్నించి ఫోనులో మాట వచ్చింది. "యంత్రం ఎక్కడ? ఓడ ఎక్కిందా?" సూర్యావతి ఏమని చెబుతుంది? ఓడిపోవడం చేతకావట్లేదని చెబుతుందా? "వచ్చేత్తాయండి," అంది.

మూడోసారి ఆమెకి కోపమే వచ్చింది. "తిరగేసి బిగించవయ్యా," అంది మొగుడితో. తొక్కితే పిండి కిందికి కాదు, పైకి చిమ్మాలి. సత్తిరాజు జీవితంలో మొదటిసారి కొలవకుండా కోశాడు. తొక్కి చూస్తే పిండి ముద్ద ఎగిరి రేకుల కప్పుకి అతుక్కుంది. మొగుడూ పెళ్ళాం ఇద్దరూ దాన్ని చూసి తృప్తిపడ్డారు. ఇంతకన్నా పనికిమాలింది లోకంలో ఉండదు.

పద్నాలుగు రోజులు ఒక్కరూ కొనలేదు. పదిహేనో రోజు పొద్దున పరబ్రహ్మం గారు ధ్రువపత్రం రాసుకుని మరీ వచ్చారు. వెంట మండలి సిబ్బంది ఇద్దరున్నారు. పత్రం ఇవ్వబోయే ముందు నియమం ప్రకారం తామే స్వయంగా పరీక్షించాలి. గొట్టంలో వేయడానికి పిండి లేదు. పక్క కొట్లో బంతిపూల రేకులుంటే సిబ్బందిలో ఒకడు గుప్పెడు తెచ్చి వేశాడు. పరబ్రహ్మం గారు తొక్కారు.

రేకులు నిలువెత్తు పైకి లేచి, గొడుగులా విచ్చుకుని, మెల్లగా ఆయన తలమీదా భుజాలమీదా రాలాయి. సంతంతా ఒక్క క్షణం చేతులాపి చూసింది. ఎవరో చప్పట్లు కొట్టారు.

పరబ్రహ్మం గారు కదలకుండా అలాగే నిలబడ్డారు. వచ్చే వారమే వైఫల్య వారోత్సవాలు. అధ్యక్షుల వారు వేంచేస్తున్నారు.

"అమ్మా, దీనిని మండలి కొనుగోలు చేయుచున్నది. రెండు. వేదికకు ఇరుప్రక్కలా."

"అయ్యా, కొంటే రద్దయిపోద్దండీ! మూడోదండీ ఇది! మీరు ఊరికే పట్టుకెళ్ళండి, నేను అమ్మినట్టు కాదు."

"ఉచితముగా స్వీకరించుట లంచమగును," అని పరబ్రహ్మం గారు బిల్లు రాయించుకున్నారు. రాసి తెచ్చిన ధ్రువపత్రం చింపేసి, మూడో నివేదిక రాసిచ్చారు. ఆయన న్యాయంగా ఉండే మనిషి.

ఆ రాత్రి సూర్యావతి అన్నం తినలేదు. దేవుడి గూటికి అడ్డంగా ఉన్న మిషన్ల మధ్యనుంచి దీపం పెట్టడం కూడా కుదరలేదు. దీపావళికి ఇంక ఆరు వారాలు. ఓడ ప్రయాణమే అయిదు వారాలు. నలుగురు ఆడవాళ్ళూ పెళ్ళివంటల పిలుపులు వదులుకుని ఈమెని నమ్మి వచ్చారు.

మర్నాడు చివరి ఆశగా కోదండపాణి ఇంటికి వెళ్ళింది. ఆయన రొయ్యల చెరువు నుంచి జిరాక్సు కొట్టు దాకా ఏడు వ్యాపారాలు పెట్టి ఏడింటిలోనూ మునిగిన మనిషి. మండలి ఆయన్ని 'గుర్తింపు పొందిన వైఫల్య సలహాదారు'గా నియమించింది. గుమ్మంలో కార్లు బారు తీరి ఉన్నాయి. కోదండపాణి మాత్రం దిగాలుగా కూర్చున్నాడు.

"ఎనిమిదోది బాగా నడుస్తోందమ్మా. అదే నా భయం. సలహాదారు గెలుస్తున్నాడని తెలిస్తే గుర్తింపు పీకేత్తారు," అన్నాడు. ఆమె కథంతా విని నిట్టూర్చాడు. "నీ పొరపాటేంటో చెప్పనా? ఓడిపోవాలని కూర్చుంటే ఓటమి రాదు తల్లీ. నేను ఏ రోజూ ఓడిపోవాలనుకోలేదు. గట్టిగా కావాలనుకుని, రాత్రింబగళ్ళు దానికోసమే చచ్చి, చివరికది రాకపోతే, దాన్నంటారు ఓటమని."

సూర్యావతి లేవబోతూ ఆగింది.

"గట్టిగా కావాలనుకున్నది రాకపోతేనా అండి?"

"ఆయ్. అంతే."

"మూడు నెలల్నించీ నేను గట్టిగా కావాలనుకున్నది ఓడిపోవడమే గదండీ?"



ఆమె ఇంటికి పరుగున వచ్చి, బియ్యం డబ్బా మీద బరువు కింద పెట్టిన మూడు నివేదికలూ తీసింది. సత్తిరాజు చేత గట్టిగా చదివించింది. మూడింటిలోనూ చివరి వాక్యం ఒక్కటే. 'సదరు సంస్థ తన ప్రయత్నమునందు విఫలమైనదని ఇందుమూలముగా ధ్రువీకరించడమైనది.' కింద సంతకం. పక్కన ముద్ర.

మొదటి బస్సుకే వెళ్ళి మూడు కాగితాలూ పరబ్రహ్మం గారి బల్లమీద వరసగా పరిచింది.

"మూడు వైఫల్యాలండి. ధ్రువీకరించింది మీరేనండి."

ఆయన చదివారు. కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చదివారు. "అమ్మా, ఇవి వైఫల్యములు కావు. ఇవి వైఫల్యమునందలి వైఫల్యములు. అనగా తత్త్వతః విజయములు."

"ఆ తత్త్వం కాయితంలో లేదండి. 'విఫలమైనది' అని ఉందండి. విఫలమవ్వలేదంటే మీరు మూడుసార్లు అబద్ధం రాశారని అవుద్ది గదండి? నాకు రాసుకోవడం రాదు, మీరే చెప్పండి, పైవాళ్ళకి అలాగని అర్జీ పెట్టుకోమంటారా?"

పరబ్రహ్మం గారి వెనక గోడమీద పెద్ద పట్టిక వేలాడుతోంది. ఆ త్రైమాసికానికి ఆయన సాధించవలసిన వైఫల్యాలు నలభై. సాధించినవి ముప్పై ఏడు. వారోత్సవాలకి అధ్యక్షుల వారు వచ్చేది ఎల్లుండి. ఆయన ఒకసారి పట్టికని, ఒకసారి కాగితాల్ని, ఒకసారి సూర్యావతిని చూశారు. ఆయన ముఖం మీద ఒక నవకల్పన జరగడం ఆమె కళ్ళారా చూసింది.

"వైఫల్యము ఏ రూపమున ఉన్నను వైఫల్యమే," అన్నారు ఆయన, కలం మూత తీస్తూ.

వారోత్సవాల వేదిక మీద అధ్యక్షుల వారి మీద రెండువైపుల నుంచీ పూలు కురిశాయి. సూర్యావతికి అర్హతాపత్రం ఇచ్చి, మైకు ముందుకు నెట్టారు. ఓటమి నుంచి ఏం నేర్చుకున్నారో సభకు తెలపమన్నారు.

"మీరిచ్చే కాయితాల్లో ఒక్క మాట కూడా వదలకుండా చదివించుకోవాలని నేర్చుకున్నానండి," అంది. సభ చాలాసేపు చప్పట్లు కొట్టింది. అధ్యక్షుల వారు ఆ మాట రాసుకోమని కార్యదర్శికి చెప్పారు.

ఓడ మాత్రం చప్పట్లకి ఆగలేదు. తర్వాతి ఓడెక్కిన సరుకు దీపావళి వెళ్ళిన తొమ్మిదో రోజుకి అక్కడి రేవు చేరింది. సీతమ్మ అప్పాడూ మర్యాదస్తురాలే గానీ వ్యాపారస్తురాలు కూడా. "పండుగ పోయింది. నూట ఇరవై తీసుకుంటాను. ఎనభై నీవి," అని చెప్పింది. ఆ మాట విన్న రోజు సూర్యావతి వంటింటి గోడకానుకుని చాలాసేపు కూర్చుంది. ఎవరిమీద ఏడవాలో తెలియలేదు. అందరూ ఎంతో సాయం చేసినవాళ్ళే. సత్తిరాజు పక్కన కూర్చుని, "మిషన్లలో తప్పు లేదు," అన్నాడు. అంత పొడుగు ఓదార్పు ఆయన పెళ్ళయ్యాక ఎప్పుడూ చెప్పలేదు.

ఆ ఎనభై రేవు గోదాములో మూడు నెలలు మగ్గి, అక్కడి పెళ్ళిళ్ళ రోజుల్లో ఒకటొకటిగా అమ్ముడుపోయాయి. ఒకరోజు పొద్దున సీతమ్మ ఫోనులో మాట పంపింది. వెనక నూనె చిటపటలు, పదిమంది ఆడవాళ్ళ నవ్వులు, తొక్కుళ్ళ కిర్రుకిర్రులు వినిపిస్తున్నాయి. "చెయ్యి బాగుంది సూర్యావతీ. అందరి చెయ్యీ బాగుంది. ఇంకా మూడు వందలు." ఆమె దాన్ని నలుగురు ఆడవాళ్ళకీ వినిపించింది. ఆ నలుగురూ మళ్ళీ మళ్ళీ పెట్టించుకున్నారు.

ఈలోగా కసరత్తు మిషను రెండు జిల్లాల ఆసుపత్రులకి, పిడకల మిషను గోశాలలకి, పూలు చిమ్మేది పెళ్ళి పందిళ్ళకి పోతూనే ఉన్నాయి. రేకుల షెడ్డు పక్కన ఇంకో షెడ్డు లేచింది. మండలి వారు వార్షిక నివేదికలో ఆమె ఫొటో వేసి, తమ విధానం సాధించిన ఫలితమని కింద రాసుకున్నారు. అందులో అబద్ధం ఎంతో నిజం ఎంతో తేల్చడం సూర్యావతి వల్ల కూడా కాలేదు.

మూడు వందలూ ఓడెక్కే వారంలో మండలి నుంచి ఉత్తరం వచ్చింది. 'ఈ సంవత్సరమున మీ సంస్థయందు ఒక్క వైఫల్యమైనను నమోదు కాకపోవుట మండలి దృష్టికి వచ్చినది. అర్హతాపత్రము కొనసాగింపు నిమిత్తము తగు వైఫల్యములను వెంటనే సమర్పించవలెను.'

సూర్యావతి ఒక్క మాట వదలకుండా రెండుసార్లు చదివించుకుంది. తర్వాత సత్తిరాజుకి జవాబు చెప్పి రాయించింది:

'అయ్యా, పని వత్తిడి వల్ల ఈ ఏడాది ఓడిపోవడానికి మాకు తీరిక చిక్కలేదు. తమరు చెప్పిన పని చెయ్యలేకపోయాం కనక, దీన్ని ఒక వైఫల్యంగా రాసుకోగలరు. మిగతా రెండూ తమరి సౌకర్యం.'

అది టపాలో వేసి వచ్చి, కాలితో తొక్కుతూ మూకుట్లోకి పిండి దింపింది. వేగిన చుట్టల్ని చిల్లుల గరిటెతో తీసి, ఆర్చడానికి అటూ ఇటూ చూసి, మండలి వారి ఉత్తరం పళ్ళెంలో పరిచింది. ప్రభుత్వపు కాగితం, మంచి మందం. నూనె బాగా పీల్చింది.